గొంతు గేటు దగ్గర పెట్టి

విజయనగరం: గేటు

మా మేనకోడలు రాజేశ్వరి స్టేషన్‌కు వచ్చి నన్ను ఆటో ఎక్కించుకుని దారి పొడుగునా మా ఊరి కబుర్లన్నీ అడుగుతూనే ఉంది. ఊరి చివర బడి గేటు దగ్గర దిగాం. గేటు లోపల కాలు పెట్టగానే నోరు మూసేసింది. నేనింకా మా తమ్ముడి ఇంటి ప్రహరీ తగాదా మధ్యలో ఉన్నాను. నా మానాన నేను చెప్పుకుంటూ పోతుంటే చెయ్యి పట్టుకుని గేటు బయటికి లాక్కొచ్చింది.

“మామయ్యా, లోపల నోటితో మాట్లాడకూడదు. వినపడనివాళ్ల ముందు వినపడేవాళ్లు గొంతుతో కబుర్లాడుకుంటే అది మర్యాద కాదు. మన ఎదురుగా ఇద్దరు చెవులు కొరుక్కుంటే మనకెలా ఉంటుంది?”

“మరి నేనేం చెయ్యను?”

“చేతులున్నాయిగా.”

చేతులున్న మాట నిజమే. ప్రొద్దుటూరులో తెలుగు లెక్చరరుగా పనిచేసినన్నాళ్లూ ఒక చేతిని సుద్దముక్క పట్టుకోవడానికి, రెండో దాన్ని బల్ల చరచడానికి వాడాను. మిగతా ఉద్యోగమంతా గొంతు మీదే నడిచింది. మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినపడతాడని నాకు కాస్త పేరుంది. ఆ పేరు గేటు దగ్గర పెట్టి లోపలికి వెళ్లాను.

రాజేశ్వరి ఆ బధిరుల పాఠశాలలో లెక్కలు చెబుతుంది, బయటివాళ్లు వస్తే దుబాసీగా ఉంటుంది. చేరి ఏడాది అయింది. రిటైరయ్యాక ఊళ్లు తిరుగుతానని నేను అందరినీ బెదిరిస్తూ ఉంటే, మా బడికి రా, ఆదివారం పిల్లలతో శ్రీకాకుళం కూడా చూసి రావచ్చని పిలిచింది. నేను విజయనగరం అంటే కోట చూద్దామనుకున్నాను. కోటను ఆటోలోంచి చూశాను.

బళ్లో గంట లేదు. పీరియడు అయిపోతే లైట్లు ఆర్పి వెలిగిస్తారు. కరెంటు పోతే పిల్లలు అదే వంకతో బయటికొచ్చేస్తారట. వెనకనుంచి ఎవరినైనా పిలవాలంటే పక్కవాడి భుజం తట్టి, వాడిచేత ఆ పక్కవాడి భుజం తట్టించి, అలా కబురు పంపుతారు. ఇవన్నీ రాజేశ్వరి గేటు బయట టీ బడ్డీ దగ్గర చెప్పింది. నాకు ఏ అనుమానం వచ్చినా ఇద్దరం గేటు బయటికి నడిచేవాళ్లం. బడ్డీ అతనికి నా వల్ల వ్యాపారం పెరిగింది. రెండో రోజుకు నన్ను చూడగానే గ్లాసు కడగడం మొదలుపెట్టేవాడు.

వచ్చిన కాసేపటికే నాకు పేరు పెట్టారు. అక్కడ అందరికీ చేతిపేర్లుంటాయి. మనిషిలో కొట్టొచ్చినట్టు కనిపించేదే పేరు. రాజేశ్వరిది నుదుటి మీది మచ్చ. హెడ్మాస్టరుది బట్టతల. అరచేత్తో తల నున్నగా నిమిరి ఆయన ఎదురుగానే ఆయన పేరు చెబుతారు, ఆయనా తన పేరు అలాగే చెప్పుకుంటారు. నాకు పొట్ట మీద పెడతారేమోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పదో తరగతి అమ్మాయి ఒకతె నన్ను ఎగాదిగా చూసి, నాలుగు వేళ్లూ బొటనవేలికేసి టపటపా కొడుతూ నోటి దగ్గర పెట్టింది. అందరూ ఒప్పుకున్నారు. అర్థం వాగుడుకాయ. నేను గేటు దాటాక ఒక్క మాటా అనలేదు. అనకపోయినా పెదాలు ఆగడం లేదట.

చోడంబలి

మర్నాడు పొద్దున భోజనాల హాల్లో అంబలి ఇచ్చారు. మా వైపు రాగులంటే ఇక్కడ చోళ్లు. మేం ముద్దగా సంగటి చేసుకుని ఊరుబిండి పచ్చడితో తింటాం, వీళ్లు పల్చగా కాచి మజ్జిగ కలిపి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేస్తారు. గ్లాసులో పోసిన రాగుల్ని నేను మొదటిసారి చూశాను. ఒక గుక్క తాగి, ఫరవాలేదే అని కనుబొమలు ఎత్తాను. ఎదురుగా కూర్చున్న పిల్ల లేచి వెళ్లి ఇంకో గ్లాసు తెచ్చి పెట్టింది. ఎంత మర్యాదో అని మళ్లీ ఎత్తాను. మూడో గ్లాసు వచ్చింది.

వాళ్ల భాషలో మొహం కూడా వ్యాకరణమే. కనుబొమలు ఎత్తితే అడుగుతున్నట్టు. నేను గ్లాసు పట్టుకుని, “ఇంకా ఉందా, ఇంకా ఉందా” అని అడుగుతూ కూర్చున్నానన్న మాట. తెచ్చింది వదిలేస్తే బాగుండదని మూడూ తాగి, మొహం కదలకుండా లేచి వంటింటి వైపు నడిచాను.

బడి మొత్తంలో నోటితో మాట్లాడకూడదన్న రూలు చెల్లని చోటు వంటిల్లొక్కటే. వంటావిడ అప్పలకొండమ్మ చేతులు ఎప్పుడూ పిండిలోనో గరిటె మీదో ఉంటాయి కాబట్టి ఆవిడ నోటితోనే మాట్లాడుతుంది. ఎవరూ వినకపోయినా మాట్లాడుతుంది.

“ఏటి బాబూ, మూడు గళాసులు తాగీసేరంట? మీ ఊర్ల చోళ్లు పండవేటి?”

“పండుతాయమ్మా. పొరపాటు జరిగింది.”

“పొరపాటేటి, పొట్ట బాగుంటే తాగండి. అదిగో, ఆ గుంటేమో తాగక నన్ను సంపేస్తంది.”

గుంట అంటే అక్కడ ఆడపిల్ల. పొయ్యికి దూరంగా పీట మీద మూడేళ్ల పాప కూర్చుని ఉల్లిపొట్టుతో ఆడుకుంటోంది. నన్ను చూసి బుగ్గ మీద వేలు పెట్టి తన చేతిపేరు చెప్పింది. బుగ్గన సొట్ట ఉంది. వెంటనే నా పేరు నాకు చెప్పింది. నిన్నటి సంగతి ఇంత చిన్నదాని దాకా వెళ్లిపోయింది.

పద్మ క్లాసు

ఆ పాప తల్లి పద్మ, చిన్న పిల్లలకు పాఠం చెబుతుంది. తనూ వినపడనిదే. ఆరేళ్లప్పుడు ఇదే బళ్లో చేరి, ఇక్కడే చదివి, ఇక్కడే టీచరైంది. ఆమె భర్త నూకరాజు కూడా అంతే, పిల్లలకు కుట్టుపని నేర్పుతాడు. ముగ్గురూ హాస్టలు పక్క గదిలో ఉంటారు.

నేను వెళ్లేసరికి పద్మ బోర్డు మీద వాన అని రాసి వెనక్కి తిరిగింది. వేళ్ల కొసలు ఒక్కొక్కటిగా దించింది, చినుకులు. అన్ని వేళ్లూ కలిపి దించింది, జల్లు. భుజాలు ముడుచుకుని రెండు చేతులూ ఏటవాలుగా కొట్టింది, అది జడివాన. తర్వాత మొహమంతా విసుగు పెట్టి, చేతులు ఆపకుండా మెల్లగా ఆడిస్తూ కిటికీ వంక చూసింది. ముసురు. ముసురు పట్టిన రోజు బయటికి పోలేని పిల్లాడి మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆ నాలుగు మాటల మధ్య తేడా చెప్పడానికి నాకు క్లాసులో అరగంట పట్టేది, చివర్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. నాకు అసూయ కలిగింది. ఉన్న మాట చెప్పేస్తున్నాను.

పక్క గదిలో పదో తరగతి పిల్లలు నా మీద పగ తీర్చుకున్నారు. తెలుగు మేస్టారని తెలిసి, నాకు పేరు పెట్టిన అమ్మాయే బోర్డు మీద రెండు అక్షరాలు రాసింది: కి, కు. వాళ్ల చేతి భాషలో ఈ అతుకులు లేవు. ఊరు, వెళ్లు, నేను అని చూపిస్తే పని అయిపోతుంది. అతుకు ఎక్కడ ఏది పెట్టాలన్నా పరీక్షలో మార్కులు పోతున్నాయి. “రెండూ ఎందుకు? ఒకటి చాలదా?” అని రాసి అడిగింది. నేను బోర్డు నిండా రాశాను. ఆ పిల్ల మొత్తం చదివి, ఒకటి చాలునని మళ్లీ చూపించింది.

సాయంత్రం బజారుకు అరటిపళ్లు కొనడానికి పిల్లలతో వెళ్లాను. బండివాడికి వీళ్లతో బేరమాడీ ఆడీ అంకెలన్నీ చేతుల్లోకి వచ్చేశాయి. వాడు డజను అరవై అని చూపించాడు. పిల్లలు నలభై అన్నారు. చేతులతోనే బాగా దెబ్బలాడుకుని యాభైకి కుదిరారు. నేను నోరు తెరిచి అడిగిన డజనుకు మాత్రం అరవై తీసుకున్నాడు.

ఆ తర్వాతే గేటు బయట టీ తాగుతూ రాజేశ్వరి అసలు సంగతి చెప్పింది.

“రేపు అరసవల్లి నుంచి వచ్చేటప్పుడు బస్సు ఆమదాలవలస దగ్గర పల్లెలో ఆగుతుంది మామయ్యా. పద్మ వాళ్లమ్మగారి ఊరు. పాపను అక్కడ వదిలేస్తారు.”

“ఎన్నాళ్లు?”

“మాట వచ్చేదాకా.”

పాప అసలు పేరు జాహ్నవి. తల్లీ తండ్రీ పలకలేని పేరు. చెవులు బాగా పనిచేస్తున్నాయని డాక్టర్లు చెప్పారు. కానీ మూడేళ్లు నిండినా మాట లేదు, అన్నీ చేతులే. బళ్లో టీవీకి కూడా ఎవరూ శబ్దం పెట్టరు. మాట వినకపోతే మాట రాదని అమ్మమ్మ సూరమ్మ పట్టుబట్టింది. చుట్టాలందరూ ఆవిడ పక్కే. పద్మ చాలా రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకుంది.

“ఎందుకొప్పుకుంది?”

“తనను బడికి పంపవద్దని ఊరంతా అన్నా వాళ్లమ్మ వినకుండా పంపింది, అప్పుడు ఆవిడ చేసింది మంచే అయింది, ఇప్పుడూ మంచే అవుతుందేమో అంటోంది. రోజూ రాత్రి దాన్ని పక్కలో పెట్టుకుని నిద్రపోకుండా చూస్తూ కూర్చుంటోందట, నూకరాజు చెప్పాడు.”

పెద్ద పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. జాహ్నవిని ఎత్తుకుని పెంచింది వాళ్లే. పదో తరగతి అమ్మాయిలు వంతులేసుకుని దానికి జడలు వేస్తున్నారు. మూడేళ్ల పిల్ల జుట్టు అన్ని జడలకు చాలదు.

అరసవల్లి

బస్సు ఎచ్చెర్ల మీదుగా వెళ్లింది. యూనివర్సిటీ ముందు నుంచి పోతున్నప్పుడు పిల్లలు ఒకరికొకరు చూపించుకున్నారు. బస్సులో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ముందు సీటువాళ్లు చివరి సీటువాళ్లతో మాట్లాడుతున్నారు, వెనకనుంచి వచ్చే బైకు అతనితో కూడా ఒక కుర్రాడు అద్దంలోంచి ఏదో మాట్లాడాడు. డ్రైవరొక్కడే ఇంత ప్రశాంతమైన ట్రిప్పు తన సర్వీసులో చూడలేదన్నాడు.

వాళ్ల భాషలో శ్రీకాకుళం అంటే సూర్యుడు. చేతిని పైకెత్తి వేళ్లు విప్పితే శ్రీకాకుళం వచ్చేసినట్టే. ఆదివారం కాబట్టి సూర్యుడి గుడి కిటకిటలాడుతోంది. మైకులో టిక్కెట్ల సంగతి, తప్పిపోయిన పిల్లల సంగతి, చెప్పుల సంగతి ఒకదాని మీద ఒకటి చెబుతున్నారు. నా ముందు నిలబడ్డ దంపతులు అర్చన టిక్కెట్టు కొన్నావా అని ఒకరినొకరు అరుచుకుంటూ, వినపడక, విడాకుల దాకా వచ్చారు. మా పిల్లలు మాత్రం క్యూలో ఈ చివరి నుంచి ఆ చివరికి, ఇనుప కమ్మీల మీదుగా, జనం తలల మీదుగా హాయిగా కబుర్లాడుకుంటున్నారు.

ఎండ చూసి పాపను క్యూలో నిలబెట్టలేక పద్మ నాకు అప్పగించింది. ఇద్దరం ఒక కొబ్బరికాయల దుకాణం పరదా కింద కూర్చున్నాం. మా బడివాళ్లెవరూ కనుచూపు మేరలో లేరు. రెండు రోజులుగా నోరు కట్టేసుకుని ఉన్నానేమో, నాలో నేనే గొణుక్కున్నాను.

“అబ్బ, ఏం ఎండ, ఏం ఎండ.”

పాప నా నోటి వంక చూసింది. అటూ ఇటూ చూసింది. తర్వాత నా మోకాలి మీద చెయ్యేసి, గొంతు తగ్గించి చెప్పింది.

“ఓలమ్మో. పేల్సేస్తంది బాబూ.”

నేను దుకాణంవాడి వంక చూశాను. వాడు కొబ్బరికాయలు పేరుస్తున్నాడు.

“ఏమన్నావమ్మా?”

“నీకు ఇనపడతాదేటి?”

“వినపడుతుంది తల్లీ.”

“నాకూనూ,” అంది. “మజ్జిగెట్టు.”

మజ్జిగ పెట్టించాను. తాగుతున్నంతసేపూ మాట్లాడింది. వంటింట్లోకి వచ్చే పిల్లి దొంగముండ అని, అంబలి సేదని, వేలు కాలితే నోట్లో ఎట్టుకోవాలని చెప్పింది. మాటలూ యాసా విసుగూ అన్నీ అప్పలకొండమ్మవే. నలభై ఏళ్లు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి మాట్లాడుతున్నట్టుంది.

పాపను ఎత్తుకుని వెళ్లి క్యూలోంచి రాజేశ్వరిని లాక్కొచ్చాను. తను నమ్మలేదు. పాప ముందు చతికిలబడి నోటితో అడిగింది.

“జానూ, నీకు మాటలొచ్చా?”

పాప ఆమెను అనుమానంగా చూసి, చేతులతో మజ్జిగ అయిపోయిందని చెప్పింది.

రాజేశ్వరి అప్పలకొండమ్మకు ఫోను చేసి స్పీకరు పెట్టింది.

“మాటాడతాదా ఏటి? నోరు మూస్తాదా అనడుగు! దాని కబుర్లు ఇనలేక సస్తన్నాను.”

“మరి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం?”

“అందరికీ తెలుసుననుకున్నాను. మరి నన్నెవలు అడిగేరు?”

రాజేశ్వరి ఫోను పెట్టేసి కొబ్బరి పీచు మీద కూలబడింది. ఏడాదిగా గేటు లోపల తను గొంతెత్తలేదు. ఎత్తకూడదు కూడా.

“దాని లెక్కలో నేనూ వినపడనిదాన్నే మామయ్యా. బడి మొత్తంలో చెవులున్నది వంటావిడకొక్కదానికే అనుకుంటోంది.”

బస్సులో

రాజేశ్వరి పద్మకు చెప్పింది. చేతులతో చెబితే అందరికీ చెప్పినట్టే, బస్సంతా చుట్టూ మూగింది. పద్మ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నా ముందు మాట్లాడించండి అన్నట్టు నా వైపు చూసింది.

“ఎండగా ఉందా అమ్మా?” అన్నాను, మైకు లేకుండా చివరి సీటు దాకా.

జాహ్నవి చుట్టూ ఉన్న మొహాలన్నీ చూసింది. నన్ను చూసి సిగ్గుపడింది, నా తరఫున. చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. ఇక్కడ ఎవరికీ వినపడదు, నోటితో మాట్లాడకూడదని నాకు మర్యాద నేర్పింది. ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు.

పద్మ నవ్వింది గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆమె ఓదార్పు మాటలు చాలా చూసి ఉంటుంది. రాజేశ్వరితో చేతులతో చెప్పింది, రాజేశ్వరి నాకు ఫోన్లో టైపు చేసి చూపించింది: “మీరు చెప్పింది నమ్ముతాను. కానీ నేను నమ్మితే చాలదు, నాకెలాగూ వినపడదు. మా అమ్మ వినాలి. అమ్మ ముందు మాట్లాడితే పాపను వెనక్కి తెచ్చుకుంటాను. లేకపోతే ఇచ్చిన మాట ప్రకారం వదిలి వస్తాను.”

ఆమదాలవలస వచ్చేదాకా బస్సులో ఎవరూ మాట్లాడుకోలేదు. అన్ని చేతులూ ఒళ్లో ఉన్నాయి. అప్పుడు తెలిసింది నాకు, ఆ బస్సు అంతవరకు ఎంత గోలగా ఉందో.

ఆమదాలవలస దాటాక

సూరమ్మ ఇల్లు ధాన్యం మిల్లు వెనక పల్లెలో ఉంది. ఆవిడ వీధిలోకి ఎదురొచ్చింది. గొంతు నాకు పోటీ వచ్చేలా ఉంది.

“రండి బాబూ, రండి! రాజేశ్వరమ్మా, ఏటలా ఎండిపోనావు? మీ బళ్లో కూడెట్టరేటి? ఒరే నూకా, ఆ సంచి ఇలాగియ్యి. ఆ కుర్సీ ఒగ్గీయండి బాబూ, ఇరిగిపోద్ది, మంచం మీద కూకోండి.”

అల్లుడికి వినపడదని తెలిసినా అతనితోనూ ఆ ఊపులో అనేసింది. అతను సంచి మాత్రం తనే పట్టుకున్నాడు. పిల్లలు గోడ పొడుగునా బారుగా నిలబడ్డారు. బెల్లం గవ్వలు పళ్లెంలో పెట్టుకొచ్చి, సూరమ్మ మనవరాలి ముందు చతికిలబడింది. పద్మ పక్కనే ఉంది. సూరమ్మ నోరు పెద్దగా తెరిచి ఏదో అంది, చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపించింది. పాప తల ఊపి, రెండు కావాలని వేళ్లు చూపించింది. తర్వాత ఇంకేదో అడిగింది ఆవిడ. పాప చేతులతో జవాబు చెప్పింది.

“సూసేరా బాబూ?” అని నా వైపు తిరిగింది. “సేతులే గాని నోరు లేదు. నా కూతురికంటే సెవుల్లేవు. దీనికి సెవులుండి మాట రాకపోతే ఎలగ? అంగనవాడీ పక్కనే ఉన్నాది, నాను పొద్దల్లా మాటాడతాను, ఇంటాది, నేర్సుకుంటాది.”

రాజేశ్వరి అరసవల్లి సంగతి చెప్పింది. సూరమ్మ విని, జాలిగా చూసింది. పాప మాట్లాడాలి. పాప గవ్వలు తింటోంది. సూరమ్మ మళ్లీ వంగి దాన్ని ఏదో అడిగింది, పాప మళ్లీ చేతులే ఆడించింది. పద్మ లేచి భర్త దగ్గర సంచి తీసుకుని మంచం మీద పెట్టి, పాప గౌన్లు ఒక్కొక్కటే తీసి మడత సరిచేసి పెట్టడం మొదలుపెట్టింది. గోడ దగ్గర నాకు పేరు పెట్టిన అమ్మాయి మొహం గోడకేసి తిప్పుకుంది.

నేను సూరమ్మ పెదాలు చూస్తున్నాను. రెండు రోజులుగా జనం పెదాలూ చేతులూ చూడటమే పని కాబట్టి అదే అలవాటైంది. అప్పుడు తట్టింది.

“అమ్మా, మీరు మనవరాలితో ఎందుకు మాట్లాడరు?”

“అదేటి బాబూ? ఇప్పుడే కదేటి మాటాడినాను!”

“ఏమన్నారు?”

“ఇంకో గవ్వ తింతావేటే అన్నాను.”

“గొంతు రాలేదమ్మా.”

ఆవిడ రాజేశ్వరి వంక చూసింది.

“రాలేదు పెద్దమ్మా,” అంది రాజేశ్వరి. “మాతో వస్తోంది. పాప వైపు తిరిగితే పెదాలే కదులుతున్నాయి.”

సూరమ్మ గొంతు మీద చెయ్యేసుకుంది.

“పద్దూకి ఇనపడదని డాట్రు సెప్పినాక కూడా సానా దినాలు అరిసేను బాబూ. గొంతు బొంగురోయింది. ఇనపడందానికి ఎందుకే అని మావోళ్లు తిట్టినారు. అలగలగ ఒట్టి నోరాడించడం అలవాటైపోనాది. దీనితో కూడా అలాగే అనీస్తన్నానేటి?”

ఆ తప్పు ఆవిడకు చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేకపోయారు. ఆ పెదాల ఎదురుగా ఇన్నేళ్లూ ఉన్నది పద్మ. గొంతు వస్తోందో లేదో పద్మకెలా తెలుస్తుంది?

సూరమ్మ పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నోరు తెరిచింది, గొంతు రాలేదు. మళ్లీ తెరిచింది. మూడోసారి ఎవరినో తిట్టబోతున్నట్టు ఊపిరి తీసుకుని అరిచేసింది.

“ఒలే జానీ!”

పాప ఉలిక్కిపడింది. చేతిలో గవ్వ కింద పడింది. వాకిట్లోకి చూసింది, నన్ను చూసింది, చివరికి అమ్మమ్మ నోటి వంక చూసింది.

“నీకు ఇనపడతాదేటి?” అంది.

“ఇనపడతాదే నా తల్లీ! ఇనపడతాది!”

జాహ్నవి ఒక్క పరుగున పోయి తల్లి మోకాలు తట్టింది. అమ్మమ్మను చూపించి, చెవి చూపించి, రెండు చేతులూ గాల్లో ఆడించింది. వాళ్ల చప్పట్లు అలాగే ఉంటాయి. అమ్మమ్మకు చెవులొచ్చాయట. గోడ పొడుగునా పిల్లలందరి చేతులూ పైకి లేచి ఆడాయి. పద్మ మాత్రం చేతులెత్తలేదు. పాప నోరు కదలడం, తన తల్లి నోరు కదలడం, ఒకదానికొకటి జవాబు చెప్పుకోవడం చూస్తూ నిలబడిపోయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

రాజేశ్వరి గౌన్లు మళ్లీ సంచిలో పెట్టబోయింది. సూరమ్మ ఆ సంచి మీద చెయ్యేసింది.

“ఆగమ్మా. ఇప్పుడే కదా నాతోటి మాటాడింది. ఇప్పుడు తీసుకుపోతే ఎలగ?” పాపను దగ్గరికి లాక్కుంది. “జానీ, మీయమ్మనడుగు. నిన్ను నాకాడ ఉంచుతాదేటో అడుగు.”

చిన్నపిల్లల చేత దుబాసీ పని చేయించకూడదని రాజేశ్వరి వాదన. నాకు ఒక టీ ఖర్చుతో చెప్పింది కూడా. చేతులెత్తి ముందుకొచ్చింది. అప్పటికే పాప అడిగేసింది. పద్మ జవాబు చెప్పేసింది.

“ఉంచదంట,” అంది పాప.

సూరమ్మ తల వంచుకుంది. కూతురికి అన్నం పెట్టడానికి, నిద్రపుచ్చడానికి, జ్వరం ఉందా అని అడగడానికి ఆవిడ సొంతంగా సైగలు కల్పించుకుంది. ఇప్పుడు అడగాలనుకున్నదానికి ఆవిడ దగ్గర సైగ లేదు. పాప చెయ్యి పట్టుకుని, పద్మ వంక చూడకుండా చెప్పింది.

“ఇంకోటడుగే. సిన్నప్పుడు దాన్ని ఆ బళ్లో ఒగ్గీసి ఎలిపోనాను. గేటట్టుకుని ఏడిసింది. మళ్లీ వస్తానే అని సెప్పడం నాకు రాలేదు. ఎనక్కి సూస్తే రాలేనని సూడకుండా పోనాను. ఆ కోపం ఇంకా ఉందేటో అడుగు.”

పాపకు చివరి ముక్కే అర్థమైంది. అమ్మమ్మ మీద కోపమా అని అడిగింది. దాని వెనక నిలబడి రాజేశ్వరి మిగతాదంతా చేతులతో చెప్పింది, గేటూ, ఏడుపూ, వెనక్కి చూడకపోవడమూ.

పద్మ చేతులు చాలాసేపు కదిలాయి. నాకు అందులో గేటు తెలిసింది, వాన తెలిసింది. ముసురు మొహం ఒకసారి వచ్చి పోయింది. రాజేశ్వరి ఒక్క ముక్కా గొంతుతో చెప్పలేదు. కళ్లు తుడుచుకుంటూ అలాగే నిలబడింది. సూరమ్మ కూతురి చేతుల్నే చూస్తోంది. పాప చివరిదాకా ఓపిగ్గా చూసి అమ్మమ్మ వైపు తిరిగింది.

“లేదంట,” అంది. “నిన్నూ బస్సెక్కమంటంది.”